పెద్దమ్మ నా మీద చేసిన ప్రార్థన

ఆ రోజుల్లో మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య కొత్తగా లేచిన గాజు భవనాన్ని చూస్తే, అందులో ఉద్యోగం లేనివాడు మనిషే కాడని నాకు గట్టి నమ్మకం ఉండేది. (ఇప్పుడు ఉద్యోగం ఉన్నవాళ్ళను చూస్తేనే జాలేస్తుంది, అది వేరే సంగతి.) మూడు నెలల కంప్యూటర్ కోర్సు చదివిన నాకూ, నా ఇద్దరు స్నేహితులకూ రెండేళ్ళ అనుభవం ఉన్నట్టు కోర్సు నడిపిన సారే ఉత్తరాలు కొట్టించి ఇచ్చాడు. లేని కంపెనీ, లేని మేనేజరు సంతకం. ముగ్గురిదీ ఒకటే ఉత్తరం, పేర్లే వేరు. ఇంటర్వ్యూ జవాబులు కూడా ఒకే కాగితంలోంచి బట్టీ పట్టాం.

నేనుండేది మూసాపేటలో పెద్దమ్మ దగ్గర. నా ఆరో ఏట అమ్మ పోయాక పెంచింది ఆవిడే. ఉత్తరం ఆవిడ కంటపడింది. నన్ను ఒక్క మాట అనలేదు. శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంటే పాతికమంది ముందు కళ్ళు మూసుకుని, "తండ్రీ, వీడు సోమవారం అబద్ధపు కాగితం పట్టుకుని ఉద్యోగానికి పోతున్నాడు. అది వీడికి రానివ్వకు. నీ బిడ్డే గనక దిద్దు తండ్రీ" అంది. పాతికమందీ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ నేనూ అన్నాను.

సోమవారం ఆ గాజు భవనంలో స్నేహితులిద్దరూ నా ముందే ఇంటర్వ్యూకి లోపలికి వెళ్ళి ఉద్యోగాలతో బయటికొచ్చారు. తర్వాత నన్ను పిలిచారు. "రోజూ ఆఫీసుకి ఎలా వెళ్ళేవారు?" అన్నాడు బల్ల అవతలి పెద్దమనిషి. "బస్సులో సార్, గంట పట్టేది" అన్నాను, బట్టీ పట్టినట్టే. ఆయన ఉత్తరాన్నీ నా దరఖాస్తునూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "మీ ఇల్లూ ఆఫీసూ ఒకే వీధి కదండీ. నాలుగిళ్ళ అవతలికి గంటా?" లేని కంపెనీకి సారు ఊహించి పెట్టిన చిరునామా మా వీధిది. (నేను సంతకం మెచ్చుకున్నానే గాని చిరునామా చదవలేదు.) స్నేహితులుండేది లింగంపల్లిలో, కాబట్టి వాళ్ళ బస్సు చక్కగా నడిచింది.

గేటు దగ్గర సెక్యూరిటీ అన్న, "ఏంది తమ్మీ, మొఖం గిట్లయింది? ఫికర్ జెయ్యకు, ఇంకో బిల్డింగ్ కడ్తరులే" అన్నాడు.

ఇంటికొచ్చి పెద్దమ్మ మీద విరుచుకుపడ్డాను. "ముగ్గురం ఒకే అబద్ధం ఆడాం. వాళ్ళకొచ్చింది. నీ దేవుడికి నేనొక్కణ్ణే దొరికానా?"

"నా దేవుడేంట్రా, నీకు కాడా?" అంది చారు వడ్డిస్తూ.

"వాళ్ళు ఆయన బిడ్డలు కారా?"

"వాళ్ళ సంగతి వాళ్ళమ్మలు అడుగుతారు. నిన్ను దిద్దమని నేనడిగాను, పట్టించుకున్నాడు. వీడెలా పోతే నాకేంటని వదిలేస్తే ఏం చేసేవాడివిరా?"

"ఉద్యోగం చేసేవాణ్ణి."

ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. రెండు వారాలు ఆవిడతోనూ మాట్లాడలేదు, ఆయనతోనూ మాట్లాడలేదు. (ఆవిడ బాధపడింది. ఆయన సంగతి చెప్పలేను.) ఏడాది తర్వాత నిజం కాగితంతో చిన్న పని దొరికింది. స్నేహితులిద్దరికీ ఆ ఉత్తరం వల్ల ఏ చిక్కూ రాలేదు, ఇప్పటికీ హాయిగా ఉన్నారు. ఈ ఒక్క విషయంలో నా కోపం చల్లారిందని చెప్పను.

పెద్దమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఈమధ్య ఒక దరఖాస్తులో చిన్న అబద్ధం రాశాను. ఎవరూ పట్టుకోలేదు, పని ఇట్టే అయిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో, ఎవరికీ పట్టని పిల్లాడిలా చాలాసేపు కూర్చున్నాను. మర్నాడు వెళ్ళి నేనే దిద్దించుకున్నాను.

"ఇంత చిన్నదానికి మళ్ళీ వచ్చారేంటండీ?" అన్నాడు గుమాస్తా.

"మా పెద్దమ్మ ఊరుకోదండీ" అన్నాను.