ఎర్రజెండా ముందు మా నాన్న

ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళని బడికి పిలిపించారంటే రెండే కారణాలుండేవి. పిల్ల తలలో పేలు కనపడి ఉండాలి, లేదా పిల్ల ఇంకెవరి తలో పగలగొట్టి ఉండాలి. ఈ రెండూ కాకుండా ఊరికే రమ్మంటే పెద్దవాళ్ళు హడలిపోయేవాళ్ళు. ఇప్పుడలా కాదు కదా, మీ అమ్మ ఫోనుకి మీ బడినుంచి పొద్దున ఒక మెసేజి, మధ్యాహ్నం ఇంకొకటి. నిన్న వచ్చినదైతే నువ్వే చదివి వినిపించావు: శనివారం ఆటల పోటీలు, ప్రతి బిడ్డతోనూ ఇంట్లోంచి ఒకరు మైదానంలోకి దిగి పరిగెత్తాలి అని. మీ అమ్మకి ఆ రోజు ఆస్పత్రిలో డ్యూటీ, మీ నాన్న ఊళ్ళో ఉండడు. నువ్వు ఫోను పక్కన పెట్టి నా మోకాళ్ళ వంక చూశావు చూడు, ఆ చూపు నాకు తెలుసు. నీ ఈడులో అదే చూపుతో నేనూ ఒక మనిషిని చూశాను. అందుకే చెబుతున్నాను, రాసుకో. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ తెలివితేటలు కలపకు. (ఇది కూడా రాస్తున్నావా? సరే, ఉండనీ.)

మా బడి బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, రైల్వే క్వార్టర్లుండే న్యూ సెటిల్‌మెంట్‌లో రైలు పట్టాల పక్కనే ఉండేది. తెలుగు బడి. ఐదు తరగతులకి ముగ్గురు మాస్టార్లు, ఒక ఈల. ఆ ఈల ఉన్నాయన పొద్దున లెక్కలు చెప్పి, సాయంత్రం డ్రిల్లు చేయించేవారు. మేం ఆయన్ని ఈల మాస్టారనేవాళ్ళం. డ్రిల్లంటే ఏముంది, చేతులు పైకి, చేతులు కిందికి, ఆ తర్వాత వంగినవాళ్ళు వంగినట్టే మైదానంలో రాళ్ళేరడం. రాళ్ళేరడం వ్యాయామంలో ఏ భాగమో నాకిప్పటికీ తెలీదు గానీ, మైదానం మాత్రం అద్దంలా ఉండేది. ఏడాదికోసారి ఆటల పోటీలు పెట్టి, ఆఖర్న ఇంటిపరుగు అని ఒకటి నడిపేవారు. పిల్ల ఎడంకాలూ, ఇంటి మనిషి కుడికాలూ కలిపి గుడ్డతో కట్టేస్తారు. ఇద్దరూ కలిసి మూడు కాళ్ళమీద పరిగెత్తాలి. గోల్‌బజార్‌లో చేపల బేరానికి తప్ప గొంతెత్తని అమ్మలు కూడా ఆ రోజు కుచ్చిళ్ళు దోపుకుని, "ఓలమ్మో, పడిపోతన్నాను, అడుగు సూసి ఎయ్యే!" అని కేకలు పెట్టేవాళ్ళు. పడిన జంటని లేపడానికి వెళ్ళినవాళ్ళు వాళ్ళమీదే పడేవాళ్ళు.

అందరూ రావాలని ఆ పోటీలు ఆదివారం పెట్టేవారు. నాకు చిక్కు అక్కడే వచ్చింది. మా ఖరగ్‌పూర్‌లో నాన్నలు రెండు రకాలు. సైరన్ నాన్నలు, లైను నాన్నలు. సైరన్ నాన్నలు వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళు. సైరన్ కూస్తే వెళతారు, సైరన్ కూస్తే వస్తారు, ఆ కూత వినే ఇంట్లో ఎసరు పెడతారు, ఆదివారం కాళ్ళు చాపుకుని వరండాలో ఉంటారు. లైను నాన్నలు రైళ్ళమీద పోయేవాళ్ళు. వాళ్ళకి ఆదివారమూ లేదు, అమావాస్యా లేదు. మా నాన్న గూడ్సు బండి గార్డు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. (రాయి, ఫరవాలేదు, ఆగిపోకు.) నాన్న లైనుకి పోతే పక్క క్వార్టరులోని బెంగాలీ పెద్దావిడ నాకు అన్నం పెట్టేది. మాసీమా అనేదాన్ని, వాళ్ళ భాషలో పిన్ని అన్నట్టు. చేపముల్లు ఒక్కొక్కటే తీసి మరీ పెట్టేది. కానీ బడినుంచి రాగానే నేను ముందు చూసేది మా గుమ్మం పక్క మూల. నాన్నకి నల్లటి ఇనప్పెట్టె ఒకటి ఉండేది, లైను పెట్టె అనేవాళ్ళు. దీపం, జెండాలు, పుస్తకాలు అన్నీ అందులోనే. ఆ మూల పెట్టె ఉంటే నాన్న ఉన్నట్టు. లేకపోతే నేలమీద దాని నాలుగు మూలల తుప్పు మరకలు ఉండేవి. ఆ మరకల మధ్య కూర్చుని పలకమీద లెక్కలు చేసుకునేదాన్ని. ఇంకెక్కడైనా కూర్చోవచ్చు, ఇల్లంతా నాదే. అయినా అక్కడే కూర్చునేదాన్ని.

బడి వెనక కంచె దగ్గర నిలబడితే ఒక్కోసారి నాన్న బండి కనిపించేది. ముందు ఇంజను, తర్వాత లెక్కలేనన్ని వ్యాగన్లు, అన్నిటికీ ఆఖర్న చిన్న బ్రేకు వ్యాను, దాని గుమ్మంలో తెల్లబట్టల్లో నాన్న, చాచిన చేతిలో పచ్చజెండా. "మీ నాన్న నీకోసరమే జెండా ఊపతన్నాడే!" అని పిల్లలు కుళ్ళుకునేవాళ్ళు. నేను తలెగరేసేదాన్ని. ఆ జెండా నాకోసం కాదని, ముందున్న డ్రైవరు కోసమని నాకు తెలుసు. అంతా బాగుంది, ఇక పోవచ్చు అని దానర్థం, రైలువాళ్ళ మాటలో ఆల్‌రైట్. ఊరందరికీ పచ్చజెండా అంటే మంచి కబురు. నాకు నాన్న వెళ్ళిపోవడం.

ఇంటిపరుగుకి మనిషి లేని పిల్ల ఏం చేయాలి? ఈల మాస్టారు దానికీ ఒక ఏర్పాటు చేశారు. పరుగు ముగిసేచోట అడ్డంగా కట్టే తాడుకి ఒక కొస గోలుపోస్టుకి కట్టి, రెండో కొస నా చేతికిచ్చేవారు. అంటే ఆ పూటకి నేనూ గోలుపోస్టూ సమానం. రెండో క్లాసులో నేనే పట్టాను, మూడో క్లాసులోనూ నేనే పట్టాను. తాడుపిల్ల అని పేరు కూడా వచ్చింది. అందరి అమ్మలూ అందరి నాన్నలూ నవ్వుకుంటూ నావైపే పరిగెత్తుకొచ్చేవాళ్ళు. తీరా దగ్గరికొచ్చాక తాడు లాగేసుకుని నన్ను దాటి పోయేవాళ్ళు. నాలుగో క్లాసులో, పోటీలు ఇంకో వారం ఉన్నాయనగా, ఈసారి చచ్చినా తాడు పట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

మాసీమా తను వస్తానంది. "ఆమి దౌడాబో," నేను పరిగెడతా అంటూ, వరండాలో పరిగెత్తి చూపించింది కూడా. నాలుగో అడుగుకి నడుం పట్టుకుని కూలబడి, వచ్చీరాని తెలుగులో మా నాన్నమీద విరుచుకుపడింది. "నీ నాన్నాకి చెప్పు! రోజంతా రైలు, రైలు! ఈ పిల్ల ఎవరు చూడాలి? రైలు చూడాలా?"

ఆ సాయంత్రం పెట్టె మూలనే ఉంది. నాన్న బూట్లు విప్పుకుంటుంటే ఎదురుగా నిలబడి, నిన్న నువ్వు నన్ను చూశావే, అలా చూశాను.

"ఏటమ్మీ, అలా సూస్తన్నావు?"

"ఆదివారం ఇంటిపరుగు నాన్నా. నువ్వు రావాల."

"మాసీమాని తీసుకెల్లకపోనావా?"

"మాసీమాకి నడుం పట్టేసినాది."

"ఏటి సేసినాది?"

"నీ బదులు పరిగెట్టినాది."

నాన్న నవ్వలేదు. విప్పిన బూటు గోడవారన పెట్టాడు. "ఒస్తాను. ఏ బండిమీదున్నా దిగి ఒస్తాను," అన్నాడు.

శుక్రవారం సాయంత్రం గుమ్మంలో సైకిలు గంట మోగింది. లైనువాళ్ళని డ్యూటీకి పిలిచే పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఆయనొచ్చి సంతకం పెట్టించుకున్నాడంటే నాన్న బయల్దేరాల్సిందే. నేను తలుపు మూసి గడియపెట్టి, "మా నాన్న ఊళ్ళో లేడు," అన్నాను. లోపల్నుంచి నాన్న దగ్గాడు.

"ఊల్లో లేనోడు ఇంట్లో దగ్గుతన్నాడేటే మరి?" అన్నాడు ముసలాయన.

"తాతా, ఆదివారం దాకా పిలవకు తాతా!"

"నాను పిలుస్తానేటమ్మా? బండి పిలుస్తాది. నాను ఒట్టి గొంతుని."

పెట్టె లేచిపోయింది. మరకలు నాలుగూ మిగిలాయి.

ఆదివారం మైదానంలో కాలు పెట్టడానికి చోటు లేదు. "మీ ఇంట్లోంచి ఎవరొచ్చారమ్మా?" అన్నారు ఈల మాస్టారు. "వస్తున్నారండీ," అన్నాను. "ఎక్కడున్నారు?" అన్నారు. "బండిలో," అన్నాను. ఆయన తాడు కొస తెచ్చి నా చేతిలో పెట్టారు. అవతల జంటజంటకీ కాళ్ళు కడుతున్నారు. నేను గోలుపోస్టు పక్కన గోలుపోస్టులా నిలబడి యార్డు వైపు చూస్తున్నాను. వాళ్ళందరి కాళ్ళూ కట్టడం అయిపోయింది. అప్పుడు కంచె పక్క కాలిబాటలో తెల్లబట్టలు కనిపించాయి. తెల్లబట్టలని నేనంటున్నాను గానీ, బొగ్గు మసికి అవి బూడిదరంగులో ఉన్నాయి. గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి, శుక్రవారం నుంచి కన్ను మూయని మా నాన్న. పెట్టె ఎక్కడో అప్పగించేసి, చుట్టిన జెండాలు రెండూ చంకలో మర్చిపోయి అలాగే వచ్చేశాడు.

తాడు నేను వదలడం నాకు గుర్తులేదు. ఈల మాస్టారే పట్టుకోవాల్సొచ్చింది. ఆయన నోట్లో ఈల, ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో ఎర్రజెండా. జెండా ఎందుకంటే, ముందటేడు గెలిచిన ఉత్సాహంలో ఒక జంట ఆగలేక తిన్నగా పోయి మురిక్కాలవలో పడ్డారు. ఈసారి గీత దగ్గర అందరూ ఆగాలని కర్రకి ఎర్రగుడ్డ కట్టుకుని తనే నిలబడ్డారు. రైలు ఊరు కదా, ఎవరికైనా అర్థమవుతుందనుకున్నారు. మరీ అంత అర్థమవుతుందని అనుకోలేదు.

మాసీమా నడుం పట్టుకునే వచ్చి, తన పాత చీర పేలికతో మా కాళ్ళు కట్టింది. ఈల మోగింది. ఏం చెప్పమంటావు! పక్కవాళ్ళంతా దబదబా పడుతుంటే మేం జారిపోతున్నట్టు పోయాం. ఊగే బండిలో నిలబడి నిలబడి మా నాన్నకి కాళ్ళు తడబడటమంటే తెలీదు. అందరికన్నా ముందున్నాం. వెనక మాసీమా కేకలు, ఎదురుగా తాడు. ఇంకో పదడుగులు. తాడు తెంచేది నేనే.

అక్కడ నాన్న ఆగిపోయాడు. కాలు కట్టేసి ఉంది కాబట్టి నేను బోర్లా పడ్డాను. రెక్క పట్టుకుని లేవదీశాడు.

"నాన్నా, ఆగిపోనావేటి?"

"ఎర్రజెండా ఉందమ్మీ."

"అది మాస్టారి జెండా నాన్నా!"

"ఎవులిదైతే ఏటి? ఎర్రజెండా దాటితే నౌకరీ పోతాది."

కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మనిషి నిద్రలో మాట్లాడుతున్నట్టు ఉన్నాడు. నోట్లో ఈల ఉంది కాబట్టి మాస్టారు అరవలేక ఈలే ఊదారు. ఈల విని నాన్న ఇంకా నిటారుగా నిలబడ్డాడు. రండి, రండి అని మాస్టారు చేతిలో జెండా గట్టిగా ఊపారు. ఎర్రజెండా అంత గట్టిగా ఊపితే ఎంత ప్రమాదమో అనుకున్నాడో ఏమో, నాన్న ఒక అడుగు వెనక్కి కూడా వేశాడు. జనం ముందు గుసగుసలాడారు, తర్వాత నవ్వారు, తర్వాత పొట్టలు పట్టుకున్నారు. పడినవాళ్ళు లేచి, లేచినవాళ్ళు మమ్మల్ని దాటి, ఎవరో తాడు తెంచేశారు. మా నాన్న నా భుజంమీద చెయ్యి వేసి, ఎంత లేటైనా ఫరవాలేదన్నట్టు నిలబడే ఉన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు చూశాను, చంకలో జెండాలు. పచ్చది లాగి, విప్పి, చెయ్యంతా చాచి, బ్రేకు వ్యానులో ఆయన పట్టుకున్నట్టే పట్టుకుని, "ఆల్‌రైట్ నాన్నా!" అని అరిచాను.

నాన్న ఆ జెండా చూశాడు. "ఆల్‌రైట్," అన్నాడు. కదిలాడు.

అందరికన్నా ఆఖర్న చేరాం. "గార్డుగారూ, మీ బండి లేటు," అన్నారు మాస్టారు, ఎట్టకేలకు ఈల తీసి. అప్పటికి నాన్నకి మెలకువొచ్చింది. చుట్టూ చూసి, సిగ్గుపడి, "సిగ్నల్ దొరకలేదండీ," అన్నాడు. ఆ మాట న్యూ సెటిల్‌మెంట్ అంతా ఏళ్ళ తరబడి వాడుకుంది. బడికి లేటైన పిల్లలు కూడా అదే చెప్పేవాళ్ళు. నా పేరు తాడుపిల్ల నుంచి పచ్చజెండాకి మారింది. మర్నాడు సాయంత్రం గుమ్మంలో మళ్ళీ సైకిలు గంట మోగింది.

ఈ కథ చెప్పి చాలామందిని నవ్వించాను. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నా చిన్నతనమంతా నాన్న నన్ను దాటి పోతూనే ఉన్నాడు. కాలికి కాలు కట్టుకుని, భుజంమీద చెయ్యేసి, ఎక్కడికీ పోయే తొందర లేకుండా నా పక్కన ఆగింది ఆ కాసేపే. నేనేం చేశాను? పచ్చజెండా చూపించి పంపించేశాను. ఏం చేస్తాం, తొమ్మిదేళ్ళ బుద్ధి, తాడు తప్ప ఇంకేమీ కనపడలేదు.

సరే, శనివారం నేనే వస్తాను. చీర పేలిక నేనే తెస్తాను, మీ బడివాళ్ళ గుడ్డలు నమ్మను. కానీ ముందే చెబుతున్నాను, గీత దగ్గర ఎర్రగా ఏదైనా కనపడితే నేను ఆగిపోతాను, మా వంశంలో ఉంది. నువ్వు కంగారుపడి నన్ను లాగకు. దాటేవాళ్ళని దాటనీ. మనిద్దరం కాసేపు అలాగే నిలబడదాం.