పిట్టలు దాటేదాకా

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వస్తుంటే, మా తోట పక్క రోడ్డు మీద నలుగురైదుగురు పిల్లలు మెడల్లో బైనాక్యులర్లు వేలాడేసుకుని, స్కూటర్లు ఓరగా ఆపి, మామిడి కొమ్మల్లోకి మెడలు రిక్కించి చూస్తున్నారు. నూజివీడు క్యాంపస్‌లో చదువుకుంటున్న పిల్లలట. చలికాలానికి వచ్చిన పిట్టలు తిరిగి ఉత్తరానికి వెళ్లిపోయే ముందు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో చూసి రాసుకుంటున్నారట. వాళ్లలో ఒకమ్మాయి నన్ను చూసి పక్కకు వచ్చి, ఫోనులో ఒక పచ్చటి పిట్ట బొమ్మ చూపించి, దీన్ని తెలుగులో ఏమంటారండీ అని మర్యాదగా అడిగింది. వంగపండు అన్నాను. ఆ పేరుకి అందరూ ముచ్చటపడ్డారు. మీ తోటలోకి వస్తాయా అని కూడా అడిగారు. ఒకప్పుడు బాగా వచ్చేవి అని మాత్రం చెప్పి వచ్చేశాను. అంతకు మించి చెప్పాలంటే నడిరోడ్డు మీద ఎండలో నిలబడి చెప్పే సంగతి కాదు. ట్రాక్టర్ల మీద మందు పంపులు రాకముందు ఈ తోటలు ఎలా ఉండేవో ఎరిగిన నా ఈడు వాళ్లకయితే నిదానంగా చెప్పుకోవచ్చు.

ఆగిరిపల్లిలో మా అత్తవారిల్లు తోటలోనే ఉంది, ఇప్పటికీ నేనుంటున్నది అందులోనే. నేను నూజివీడులో టీచరు ఉద్యోగంలో కొత్తగా చేరి, ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి మార్చి నెల నాకు కళ్లకు కట్టినట్టుంది. బంగినపల్లి చెట్లు, రసాల చెట్లు ఆకు కనపడకుండా పూసి, తెల్లవారేసరికి ఆ వాసన మంచం దాకా వచ్చి లేపేది. బూరుగు చెట్టు మీదికి గులాబీ రంగు గోరింకలు మందలు మందలుగా దిగి, బడి వదిలినప్పటి గోలంత గోల చేసేవి. వాటి గోల ఆగినప్పుడు మాత్రం, ఎక్కడో కొమ్మల లోపలి నుంచి పిల్లనగ్రోవి మీద ఎవరో రెండు స్వరాలు ఊది ఆపేసినట్టు ఒక కూత వినపడేది. అదీ వంగపండు కూత. నల్ల తల ఉన్న రకం ఏడాది పొడుగునా మాతోనే ఉండేది కాబట్టి దాన్ని మేమంతగా పట్టించుకునేవాళ్లం కాదు. కంటి మీదుగా కాటుక గీత తీర్చుకున్నట్టుండే రకం మాత్రం చలికి వచ్చి, పూతలో పురుగుల్ని కడుపునిండా తిని, పిందె పడే వేళకు ఉత్తరానికి సాగిపోయేది. ఒళ్లంతా అంత పసుపు పూసుకున్నా ఆకుల్లో దూరితే దాన్ని చూడడం ఎవరి తరమూ కాదు. అందుకే అది ఉందో వెళ్లిపోయిందో చెవితో తెలుసుకోవాల్సిందే.

మా ఇంట్లో ఆ చెవి అత్తయ్యగారిది. పూత మీద తేనెమంచు పురుగు పడితే కాపు దక్కదని మందులు కొట్టడం మా వైపు మొదలైన కొత్తలో, పక్క తోటలో నిండు పూత మీద మందు కొడితే, ఆ పురుగుల్ని తిన్న గోరింకలు గుట్టలుగా రాలి పడ్డాయట. ఆవిడ చూసి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదని మావయ్యగారు చెప్పేవారు. అప్పటి నుంచి మా తోటకొక కట్టుబాటు ఏర్పడింది. మొగ్గ మీద ఒకసారి కొట్టుకోవచ్చు. పూత విచ్చుకున్నాక మాత్రం పిట్టలు దాటేదాకా పంపు ముట్టుకోకూడదు. ఆ రోజులు మాకు ఈస్టరుకు ముందొచ్చే శ్రమ దినాలు కూడా కావడంతో, ప్రభువు శ్రమపడిన కాలంలో మన చేతుల మీదుగా ప్రాణి చావడమేంటి అనేవారు ఆవిడ. తోట గుత్తకు తీసుకున్నాయన మాత్రం పురుగు పెరిగిపోతోందని గేటు దగ్గర నిలబడి నసిగేవాడు. మావయ్యగారు అందరి ముందూ పెద్దరికంగా మాట్లాడే సంఘపెద్దే అయినా, ఈ విషయంలో మాత్రం ఇంట్లో అడిగి చెబుతానని లోపలికి వచ్చేవారు. అత్తయ్యగారు తెల్లవారుజామున కాఫీ గ్లాసుతో వరండాలో కూర్చుని, కొన్నాళ్లు వరసగా ఆ కాటుక గీత పిట్ట కూత వినపడలేదంటే, ఇక కొట్టించుకోమనండి అని తీర్పు చెప్పేవారు. హైకోర్టు తీర్పు మీదైనా అప్పీలుంది గానీ దీనికి లేదని మావారు వేళాకోళం చేసేవారు.

అలా చాలా ఏళ్లు నడిచింది. పిట్టలూ బతికాయి, కాపూ మరీ అన్యాయమైపోలేదు. ఆ తర్వాత అత్తయ్యగారి చెవులు కొద్దికొద్దిగా తగ్గడం మొదలయింది. ఆ సంగతి మాకెవరికీ పట్టలేదంటే మీరు నమ్ముతారో లేదో. మాదసలు గట్టిగా మాట్లాడే ఇల్లు. ఉప్పందుకోమన్నా ఊరంతా వినాల్సిందే. కాబట్టి మా మాటలన్నీ ఆవిడకు వినపడేవి. సన్నటి ధ్వనులే ముందు పోతాయని నాకు చాలా ఏళ్ల తర్వాత, ఒక చెవుల డాక్టరు చెబితే తెలిసింది. కుక్కర్ కూత, గేటు కిర్రుమనడం, పిట్ట పాట. ఇవి పోయినా మనిషి మామూలుగానే తిరుగుతూ ఉంటుంది.

కనిపెట్టింది మావయ్యగారొక్కరే. ఒక ఆదివారం కీర్తన అయిపోయి అందరూ ఆపేశాక కూడా ఆవిడ ఇంకొక చరణం ఒంటరిగా పాడుతూ ఉండిపోయారు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంటికొచ్చాక, నాకు గానీ చెవులు తగ్గాయా ఏంటండీ అని ఆవిడ అడిగితే, నీకేం, పాము చెవులు, వాళ్లే ముందు ఆపేశారు అన్నారట ఆయన. మనసు కష్టపడుతుందని అన్న మాట అది. భార్యాభర్తల మధ్య అలాంటి మాటలు ఎన్ని ఉండవు. కానీ ఆ మాట అన్నాక ఆయన దానికి కట్టుబడిపోయారు.

ఆ మార్చిలోనే పదో తరగతి పరీక్షలు వచ్చాయి. నాకు బాపులపాడు వైపు సెంటర్లో డ్యూటీ పడితే, చీకటితోనే లేచి వండి పెట్టి మొదటి బస్సుకు పరుగెత్తేదాన్ని. మావారు అప్పట్లో ఏలూరులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలకే వచ్చేవారు. అందుకని తోటలో ఏ పిట్ట కూస్తోందో, ఏది లేదో నాకు తెలియలేదు. ఒక ఉదయం వరండాలో అత్తయ్యగారు, వారం నుంచి చప్పుడే లేదు, ఈసారి పెందలాడే వెళ్లిపోయినట్టున్నాయి, ఇక కొట్టించుకోమనండి అన్నారట. ఆవిడ ఆ మాట అంటుండగానే ఇంటి వెనక రసాల చెట్టులోంచి వంగపండు కూసిందట. మావయ్యగారు విన్నారు. బయటికి వెళ్లి గుత్తదారుతో కొట్టించుకోమని చెప్పేశారు.

మందు కొట్టిన మర్నాడు నేను పరీక్ష డ్యూటీ నుంచి వచ్చేసరికి, అత్తయ్యగారు చెట్ల కింద వంగి వంగి ఏవో ఏరుతున్నారు. పూతేదో రాలితే ఏరుతున్నారనుకుని దగ్గరికి వెళ్లాను. ఆవిడ చీర కొంగులో పచ్చటి పిట్టలు. రెక్కలు నల్లగా, కంటి మీద ఆ కాటుక గీత. అన్నేళ్లుగా వింటున్నా అంత దగ్గరగా నేను వాటిని చూడడం అదే మొదలు. ఒకటింకా ముక్కు తెరిచి మూస్తోంది. మావయ్యగారు కాస్త దూరంలో చెట్టుకి చెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు. ఆవిడ తలెత్తి ఆయన్ని అడిగారు.

"ఇవి నిన్నా మొన్నా అరిచాయాండీ?"

ఆయన అరిచాయన్నట్టు తలూపారు.

"మీరు విన్నారా?"

"విన్నాను."

అంతే. ఆవిడ తిట్టినా బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. నిమ్మచెట్టు పక్కన గుంట తీసి వాటిని పూడ్చి, చేతులు కడుక్కుని, వరండాలో తన కుర్చీని తీసుకెళ్లి వంటింటి గోడ పక్కన వేసుకున్నారు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ తోట వైపు ఆవిడ కూర్చోలేదు.

నాలుగు రోజుల తర్వాత, ఆవిడ ప్రార్థన కూడికకు వెళ్లినప్పుడు, మావయ్యగారు నాకు ఇదంతా చెప్పారు. "చెవులు పోయాయని నా నోటితో ఎలా చెప్పనమ్మా. రెక్కలున్నవి కదా, పంపు చప్పుడుకి ఎగిరిపోతాయనుకున్నాను," అన్నారు. పంపు చప్పుడుకి అవి ఎగిరిపోయే ఉంటాయి. చప్పుడు ఆగాక మళ్లీ తిండికి వచ్చి ఉంటాయి. ఆ మాట ఆయనకు చెప్పి ఏం లాభం. మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చున్నాను.

మరుసటి ఏడు చెవి మిషను కొన్నాం. అది పెట్టుకుంటే తల లోపల ఆర్టీసీ బస్సు ఆగినట్టుందని ఆవిడ దాన్ని బీరువాలో పెట్టేశారు. అయితే ఆ పూతకాలం మొదలైన రోజు, వంటింటి గోడ పక్క నుంచే మావయ్యగారిని అడిగారు, పిట్టలొచ్చాయా అని. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆయన మొహం చూడలేకపోయాను. చెప్పులేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని తోటంతా తిరిగి వచ్చి, ఆవిడ చెవి దగ్గర వంగి వచ్చాయని చెప్పారు. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే వరస. వెళ్లిపోయాయని ఆయన అంటేనే పంపు కదిలేది. ఆ విషయంలో ఆయన మళ్లీ ఎన్నడూ తొందరపడలేదు.

కానీ మన ఒక్క తోటలో ఆపితే పిట్టలు బతుకుతాయా. చుట్టూ అన్ని తోటల్లోనూ ట్రాక్టర్ల మీద పంపులు వచ్చాయి. మొగ్గకొకటి, పూతకొకటి, పిందెకొకటి మందు. గోరింకల మందలు ముందు పలచబడ్డాయి, తర్వాత వంగపండ్లు. ఒక మార్చిలో నేనూ మావయ్యగారి వెంట తోటలోకి వెళ్లాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాం, నిలబడి విన్నాం. కాకి తప్ప ఏమీ లేదు. ఆయన నా వైపు చూడకుండా ఇంట్లోకి వెళ్లి, వచ్చాయి, బాగానే వచ్చాయి అని చెప్పారు. నేను వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. అలా ఎన్నేళ్లు చెప్పారో నాకు తెలియదు, ఏ ఏడు నిజమో ఏ ఏడు కాదో అడగలేదు.

ఆయన పోయిన తర్వాతి పూతకాలంలో, ఆ ప్రశ్న నా దగ్గరికి వచ్చింది. నేనూ చెప్పులేసుకుని తోటంతా తిరిగి వచ్చి, వచ్చాయి అత్తయ్యా అన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, నవ్వారు.

"మీ మావయ్యగారూ ఇలాగే చెప్పేవారు. నిజంగా వచ్చిన ఏడు ఆయన మొహం వేరుగా ఉండేదిలే."

తెలిసే అడిగేవారా అన్నాను. మరెందుకు అడిగేవారు అని కూడా గట్టిగానే అడిగాను.

"అడగడం మానేస్తే, ఆయన్ని ఇంకా క్షమించలేదనుకుంటారు కదమ్మా," అన్నారు ఆవిడ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఆ తర్వాత ఆవిడ ఇంకొక్క మార్చే చూశారు. అప్పుడు కూడా అడిగారు, నేనూ అదే చెప్పాను. ఆ చెప్పడం అబద్ధమూ కాదు, నిజమూ కాదు, ఆ ఇంట్లో పొద్దున్నే జరగాల్సిన ఒక పని, అంతే.

ఇప్పుడు మావారూ లేరు. అమ్మాయి వాళ్లు నూజివీడులో ఉంటారు, ఆదివారాలు వస్తారు. తోట గుత్తకు తీసుకున్న కుర్రాయన మంచివాడే. పిట్టల సంగతి ఒకసారి చెప్పి చూస్తే, పక్క తోటల పురుగంతా మన మీదికే వస్తుందండీ అన్నాడు. అదీ నిజమే, తప్పు అతనిది కాదు, కాలానిది. మందు కొట్టే ముందు రోజు మాత్రం మర్చిపోకుండా ఫోన్ చేసి, రేపు పొద్దున్న కిటికీలు వేసుకోండమ్మా అని చెబుతాడు. నేను వేసుకుంటాను. పంపు ఆగాక చాలాసేపటికి తలుపు తీసి, చెప్పులేసుకుని చెట్ల కిందంతా చూసి వస్తాను. ఈ మధ్య ఏమీ రాలడం లేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక ఇంట్లోకి వస్తాను. వచ్చాయని అబద్ధం చెప్పడానికైనా లోపల ఒక మనిషి ఉండాలి.