ఏడో పేజీ ఎవరికాడ ఉంది?

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఒకటి ఈ భూమ్మీద ఉండొచ్చని నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఇరవై మూడేళ్ల వయసు, లైబ్రరీ సైన్సులో ఒక సర్టిఫికెట్టు, ఆళ్లగడ్డలో బస్టాండుకు పోయే దోవలో ఒక చిన్న శాఖా గ్రంథాలయం, దాని తాళంచెవి నా బ్యాగులో. ఇంతకంటే మనిషికి ఏం కావాలో మీరే చెప్పండి. ఉద్యోగం తాత్కాలికమే గానీ ధీమా మాత్రం పర్మనెంటు. ఎవరైనా ఏదైనా చెప్పడం మొదలుపెడితే సగంలోనే "ఆఁ, అర్థమైంది" అనేసేదాన్ని. ఆ ఒక్క మాట నన్ను చాలా గుంతల్లో పడేసింది. వాటిలో అన్నిటికంటే లోతైనది నంద్యాలలో ఉంది.

మా లైబ్రరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండే గదులు. లోపలి గదిలో పుస్తకాలు, బయటి గదిలో రెండు పొడుగు బల్లలు, వాటి చుట్టూ జనం. పుస్తకం ఇంటికి తీసుకుపోయేవాళ్లు తక్కువ. బయటి గదికి మాత్రం నేను పొద్దున తలుపు తీయకముందే ఐదారుగురు వచ్చి మెట్ల మీద కూర్చోని ఉంటారు. పేపర్ ఒకటి, చదివేవాళ్లు పదిమంది. అందుకని నేనొక పద్ధతి పెట్టినాను. పేపర్ రాగానే మడతకాడ బ్లేడుతో కోసి, ఆకులు ఆకులుగా విడదీసి తలా ఒకటి పంచేదాన్ని. సాయంత్రం ఆకులన్నీ పోగుచేసి దబ్బనంతో, పురికొసతో మళ్లీ కుట్టి అల్మారాలో పెట్టేదాన్ని. (రూలు ప్రకారం పేపర్ను అట్ల కోయకూడదు. రూలు రాసినవాళ్లకు ఒక పేపర్ను పదిమంది కాసుకునే కష్టం తెలిసుండదు.) మొదటి పేజీలో వార్త మంచి పట్టు మీద ఉండగా "మిగతా ఏడో పేజీలో" అని ఆపేస్తారు కదా, ఇంక చూడండి, గదంతా ఒకటే కేక: "ఏడో పేజీ ఎవరికాడ ఉందప్పా?" ఆ ఆకు చేతిలో ఉన్నోడే ఆ పూటకు రాజు.

ఆ రాజులందరిలోకీ మొండి మనిషి శనగల తాత. నల్లరేగడిలో శనగ పండించే రైతు. ఏం మాట్లాడినా చివరికి శనగల ధర దగ్గరికే వస్తాడు కాబట్టి ఆ పేరు. చిన్నప్పుడు బడికి పోలేదు. అరవై దాటినాక మా బల్లకాడ కూర్చోని, పక్కనున్నవాళ్లను "ఇదేం అక్షరమప్పా?" అని అడిగి అడిగి, పేపర్ హెడ్డింగుల మీదే చదువు నేర్చుకున్నాడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పైకి, గట్టిగా చదువుతాడు. ఒక పేజీ అయ్యేసరికి ఒక గంట. ఆయన చేతిలోంచి ఆకు గుంజుకునే ధైర్యం నాకు కూడా లేదు.

అట్లా ఉండగా ఒక రోజు పిడుగులాంటి కబురొచ్చింది. దేశం మొత్తానికీ ఉండే గ్రంథాలయాల సంఘం ఒకటి, ప్రభుత్వానికి పంపడానికి ఒక వినతిపత్రం తయారుచేస్తోందట. అందులో కొత్త భవనాలు కావాలి, కంప్యూటర్లు కావాలి అని మంచి మాటలన్నీ రాసి, నడుమ ఒక వాక్యం పెట్టినారు. ఇంటికిచ్చే పుస్తకాలు తక్కువగా ఉండే శాఖలను రోజూ తెరవనక్కర్లేదు, వారానికి రెండు రోజులు పుస్తకాలిచ్చే కేంద్రాలుగా మారిస్తే చాలు అని. మన సంఘమే ఆ మాటంటే ప్రభుత్వం వద్దంటుందా? అంటే మా బయటి గదికి తాళం, నేను ఇంటికి, తాత మెట్ల మీద. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ సంఘం పాలకవర్గం అప్పుడప్పుడూ చిన్న ఊళ్లలో సమావేశం పెట్టుకునేది. ఈసారి నంద్యాల వంతు వచ్చింది. (అప్పటికింకా నంద్యాల జిల్లా కాలేదు.) మా ప్రాంతం లైబ్రరీ వాళ్లందరి తరఫున ఒకరు ఆ సమావేశంలో ప్రతినిధిగా కూర్చోవచ్చన్నారు. ఆ ఒకరు ఎవరో తేల్చడానికి ముద్రల సారు మమ్మల్ని నంద్యాలకు పిలిపించినాడు. ముద్రల సారంటే మాలో అందరికంటే పెద్దాయన. ఆయన మేజా మీద ఎన్నో రబ్బరు స్టాంపులు ఉండేవి. టీ గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద కూడా "స్వీకరించబడినది" అని కొట్టి ఉండేది. కోయిలకుంట్ల నుంచి, చాగలమర్రి నుంచి, అన్ని పక్కల నుంచీ వచ్చినారు గానీ, పెద్దోళ్ల ముందు మాట్లాడాలంటే ఒక్కరూ తల ఎత్తలేదు.

"ఏంది సార్ ఇది? ఇంతమందిమి ఉండాము, ఒక్కరికీ నోరు లేదా?" అని నేను లేచి అడిగినాను.

"నీకుంది కదా పాపా. నువ్వే పో" అన్నాడు సారు. అందరూ చప్పట్లు కొట్టినారు. అంత తొందరగా, అంత సంతోషంగా జరిగిన ఎన్నికను నేను మళ్లీ చూడలేదు.

సమావేశం ఆదివారం. బుధవారం నాడు సారు ఫోన్ చేసినాడు. ఆ సంభాషణ నాకిప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది.

"పాపా, స్థానిక గ్రంథాలయాల పరిస్థితి మీద నువ్వు ఆడ పేపర్ ప్రెజెంట్ చేయాల."

"ఆఁ, అర్థమైంది సార్."

"పాతది తేవద్దు. కొత్తది కావాల."

"శనివారందే తెస్తా సార్."

"అంత ఆఖర్లోనా? సరే, నీ ఇష్టం. ఎనిమిది పేజీలు దాటకూడదు."

"మా జిల్లా ఎడిషన్ ఎనిమిదే సార్!"

"జిల్లా మీద అయితే ఇంకా మంచిది. అయితే సొంతంగా ఉండాల. ఇంకొకరిది ఎత్తుకొస్తే పరువు పోతాది, చూస్కో."

"ఛ, ఛ, టీ అంగడోళ్లది నేనెందుకు తెస్తా సార్? మన లైబ్రరీదే."

"శానా ధైర్యంగా ఉండావ్ పాపా" అని ఆయన పెట్టేసినాడు. నన్ను తిట్టుకోకండి. మాకు పేపర్ అంటే రెండే రెండు, పొద్దున వచ్చేదొకటి, పరీక్షలో ఇచ్చేదొకటి. మూడో రకం ఉంటుందని ఎవరూ చెప్పలేదు, నేనడగలేదు. పైగా నాకు ఆ సంఘం మీద గౌరవం కూడా పుట్టుకొచ్చింది. లైబ్రరీ పరిస్థితి తెలుసుకోవాలంటే ముందు దాని పేపర్ను చూడాలని ఎంత బాగా కనిపెట్టినారు అనుకున్నాను. మా నాయన చర్చిలో సండే స్కూలు పాఠాలు చెప్పేవాడు. విషయం చెప్తే ఆయన కూడా అనుమానపడలేదు. "మంచిగా మడిచి తీస్కపో, నలగకుండా" అన్నాడు అంతే. బుద్ధి ఎవరి నుంచి వచ్చిందో ఇప్పుడర్థమవుతాంది.

శనివారం పొద్దున గదిలో ప్రకటన చేసినాను, ఈ రోజు పేపర్ రేపు నంద్యాల మీటింగుకు పోతాండాది అని. అంతే, ఒక్కరూ ముట్టుకోరు! చేతులు కడుక్కొచ్చేవాడొకడు, దూరం నుంచి మెడ సాచి చదివేవాడొకడు. "ఏందప్పా ఇది, ఎప్పటి మాదిరి చదవండి!" అని కసిరితే గానీ దారికి రాలేదు. ఆ రోజు మొదటి పేజీలో పెద్ద వార్త, అడవి అంచు పల్లెలో చిరుత తిరుగుతోందని. జనం కర్రలు పట్టుకోని బయల్దేరినారు, పొదలో కదలిక కనిపించింది, అంతే, మిగతా ఏడో పేజీలో. ఏడో పేజీ తిరిగి తిరిగి శనగల తాత చేతికొచ్చేసరికి నేను తలుపు మూసే టైమైంది. "ఇచ్చేయి తాతా, కుట్టాల" అన్నాను. ఆయన నా వైపు, దబ్బనం వైపు చూసినాడు.

"రేపు యాడికి తీస్కపోతాండావు దీన్ని?"

"నంద్యాలకు."

"మళ్లీ తెస్తావా?"

"ఏమో తాతా. ఆడ తీసుకుంటారేమో."

"అయితే నేనూ వస్తా" అన్నాడు.

నేను నవ్వినాను. ఆదివారం పొద్దున బస్టాండుకు పోతే ఆయన ఉతికిన పంచె కట్టుకోని, బస్సులో కిటికీ పక్కన నాకు కూడా సీటు పట్టి కూర్చోని ఉన్నాడు. శిరివెళ్ల దాటేదాకా నా బ్యాగు మీదనుంచి కళ్లు తిప్పలేదు. "ఇప్పుడే చూపియ్యరాదా, ఒక్క ముక్కే కదా" అని బతిమాలినాడు. కుట్టు విప్పితే నలుగుతుందని నేనివ్వలేదు.

సమావేశం ఒక కాలేజీ హాల్లో. ముందు వరుసలో పొడుగు బల్ల, వెనక పాలకవర్గం. అధ్యక్షురాలు మన తెలుగావిడే, శానా ఏళ్లుగా ఢిల్లీలో ఉంటోంది. "మొదటి పేపర్ ప్రెజెంట్ చేయవలసిందిగా" అని ఎవరినో పిలిచినారు. ఆయన వచ్చి, టైపు చేసిన కాగితాలు తీసి, గొంతు సవరించుకోని చదవడం మొదలుపెట్టినాడు. రెండో ఆమె తెర మీద బొమ్మలు చూపిస్తూ చదివింది. మూడో ఆయన కూడా కాగితాలే తీసి చదివేసరికి, పేపర్ అంటే సొంతంగా రాసుకొచ్చే వ్యాసమని నాకప్పుడు నిజంగా అర్థమైంది. ముద్రల సారు నా పక్కకు వంగి, "నీదే పాపా తర్వాత. పేపర్ యాడ?" అన్నాడు. నేను బ్యాగులోంచి తీసి ఆయన ఒళ్లో పెట్టినాను.

ఆయన పురికొస చూసినాడు. చిరుత బొమ్మ చూసినాడు. నా మొహం చూసినాడు. "ఇదేందీ?"

"పేపర్ సార్."

"కడుపునొప్పి అని చెప్తా. బేగా లేయ్, పోదాం" అన్నాడు పాపం. కానీ అప్పటికే నా పేరు పిలిచేసినారు. ఆ క్షణంలో నాకు తాళంచెవి గుర్తొచ్చింది, మెట్ల మీద కూర్చునేవాళ్లు గుర్తొచ్చినారు. కడుపునొప్పి అంటే ఆ గది పోయినట్టే. పోయి మైకు ముందు నిలబడినాను. నోరు తెరిస్తే ఒక్క మాట రాలేదు. (నాకు! నోరుందని ఎన్నుకున్న నాకు!) నోరు రాకపోతే చెయ్యి రోజూ చేసే పని చేసింది. పురికొస తెంపి, ఆకులు విడదీసి, పాలకవర్గం బల్ల పొడుగునా ఇద్దరికొకటి చొప్పున పంచేసి వచ్చినాను. హాల్లో నవ్వులు మొదలైనాయి. ముద్రల సారు కళ్లు మూసుకున్నాడు.

అధ్యక్షురాలి చేతిలో మొదటి పేజీ ఉంది. ముందు మర్యాదకు చూసింది, తర్వాత కళ్లద్దాలు సర్దుకోని చూసింది, తర్వాత చదవనే చదివింది. కాసేపటికి తలెత్తి, బల్లకు అటూ ఇటూ చూసి, "ఏడో పేజీ ఎవరి దగ్గరుంది?" అంది.

అంతే, నాకు ప్రాణం లేచొచ్చింది. "మేడం, మా ఆళ్లగడ్డ గదిలో రోజూ వినిపించే మాట ఇదే. మీ వినతిపత్రంలో ఈ మాట యాడా లేదు" అన్నాను.

ఏడో పేజీ బల్ల చివర మీసాల సభ్యుడి చేతిలో ఉంది. ఆయనకు తెలుగు రాదు, చీరల ప్రకటన చూస్తాండాడు. ఎవరు చదవాలా అని అందరూ తటపటాయిస్తుండగా చివరి వరుసలోంచి శనగల తాత లేచి చరచరా నడిచి వచ్చినాడు. "ఇటియ్యప్పా, నేను నిన్నట్నుంచి కాసుకోని ఉండా" అని ఆకు లాక్కున్నాడు. మైకు కాడ నిలబడి, వేలు పెట్టి మొదలుపెట్టినాడు. "గ్రా... మ... స్తు... లు... పొ... ద... ను..." ఒక్కో అక్షరానికీ జనం ఊపిరి బిగబట్టినారు. ఎంతసేపు చదివినాడో తెలియదు, ఎవరూ గడియారం చూసుకోలేదు. చివరికి బోనులో చిక్కింది చిరుత కాదు, అడవిపిల్లి అని తేలింది. "థూ, పిల్లంట! దీనికోసమా నేను బస్సెక్కి వచ్చింది!" అన్నాడు తాత. హాలు పగలబడి నవ్వింది.

నేను మైకు అందుకున్నాను. "మేడం, ఈ తాత మా లైబ్రరీ నుంచి ఒక్క పుస్తకం కూడా ఇంటికి తీస్కపోలేదు. రిజిస్టర్లో ఈయన పేరే లేదు. మీ లెక్క ప్రకారం ఈయన చదవలేదు. మరి ఇప్పుడు చదివిందెవరు?"

"నేనే కదా చదివింది!" అన్నాడు తాత కోపంగా. "ఎందుకట్ల అబద్ధం చెప్తాండావ్ పాపా, అందరూ విన్నారు కదా!"

వినతిపత్రంలోని ఆ వాక్యం మీద సాయంత్రం దాకా వాదన నడిచింది. చివరికి దాన్ని కొట్టేసి, లోపల కూర్చోని చదివేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి, అట్లాంటి గదులు రోజూ తెరిచే ఉండాలి అని రాసినారు. చదివిన పేపర్లన్నీ సంఘం ఆఫీసుకు ఇచ్చిపోవాలన్నప్పుడు మాత్రం తాత ససేమిరా అన్నాడు. "నాకింకా ఎనిమిదో పేజీ ఉంది. శనగల ధర చూస్కోలేదు." ముద్రల సారు జేబులోంచి స్టాంపు తీసి, చిరుత నెత్తి మీద "స్వీకరించబడినది" అని గట్టిగా ఒక గుద్దు గుద్ది, పేపర్ను మాకే ఇచ్చేసినాడు. బస్సులో తిరుగు ప్రయాణమంతా నేను ఎనిమిదో పేజీ విన్నాను.

ఆ గదికి తాళం పడలేదు. నాకు పేపరక్క అన్న పేరు మాత్రం పడింది, ఇప్పటికీ పోలేదు. తర్వాత అదే పాలకవర్గంలోకి ఎన్నికై, మా చిన్న లైబ్రరీల తరఫున చాలా ఊళ్లు తిరిగినాను. ఇప్పుడు నేనూ పేపర్లు టైపు చేయిస్తాను, కింద చిన్న అక్షరాల్లో ఆధారాలు పెడతాను, తెర మీద బొమ్మలు చూపిస్తాను. అందరూ తలలూపుతారు, టీకి పోతారు. ఈ మధ్య నంద్యాలలోనే ఒక సమావేశం జరిగితే నాకేదో కొంటె బుద్ధి పుట్టి, నా పేపర్ మొదటి పేజీ అడుగున "మిగతా ఏడో పేజీలో" అని టైపు చేయించినాను. దాంట్లో ఉండేదే ఐదు పేజీలు. కాపీలు పంచినాను, చదివినాను, చప్పట్లు కొట్టినారు. ఒక్కరూ అడగలేదు. అర్థం కాకుండానే "ఆఁ, అర్థమైంది" అన్న ఆ పిల్ల ఎంత గట్టిగా వినిపించింది, ఇంత తెలుసుకున్న నేను ఎంత మెత్తగా వినిపిస్తాండాను అనుకుంటూ కాగితాలు సర్దుకుంటున్నాను. అప్పుడు చివరి వరుసలో, రిటైరై చానాళ్లయిన ముద్రల సారు, కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకోని పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి తిప్పి చూసి, చెయ్యెత్తినాడు.

"పాపా, ఏడో పేజీ ఎవరికాడ ఉంది?"