మా బతుకమ్మలో కెప్టెన్ తారిణి

ఆ రోజుల్లో మాకు ఆకాశమంటే ఆదివారం పొద్దున అరగంట మాత్రమే. మిగతా వారమంతా మా ఘుగ్గుస్‌లో తలెత్తి చూస్తే కనిపించేది బొగ్గు దుమ్ము, దాని వెనకాల సిమెంటు దుమ్ము. చుక్కలు లేవని కాదు, ఉండే ఉంటాయి పాపం, మా దాకా రావాలంటే వాటికీ దగ్గు వచ్చేదేమో! అలాంటి ఊళ్ళో పెరిగిన నేను అంతరిక్ష సీరియళ్ళ పిచ్చిదాన్ని ఎలా అయ్యానో ఇప్పటికీ మా వాళ్ళకు అర్థం కాదు. నాకు మాత్రం అర్థమవుతుంది. లేనిదాని మీదే కదా మనిషికి మోజు.

అప్పట్లో ఆదివారం పొద్దున ఒక హిందీ సీరియల్ వచ్చేది. అందులో కెప్టెన్ తారిణి అని ఒకావిడ చుక్కల మధ్య ఓడ నడిపేది. వెండి రంగు కోటు, నడుముకు బెల్టు, చేతిలో మెరుపులు చిమ్మే టార్చిలైటు లాంటిదొకటి. పక్కన డబ్బూ అనే మరమనిషి. (వాడు నూనె డబ్బాకు రంగేసి చేసినవాడని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజు అన్నం సహించలేదు.) శత్రువు శూన్య సామ్రాట్. వాడు నవ్వితే గ్రహాలు ఆరిపోయేవి. తారిణి నవ్వేది కాదు, ఒక కనుబొమ్మ పైకెత్తేది, అంతే. నేను అద్దం ముందు నిలబడి నెలల తరబడి కనుబొమ్మ ఎత్తడం నేర్చుకున్నాను. ఎప్పుడు ఎత్తినా రెండూ కలిసే లేచేవి. మా లెక్కల టీచరు, "కాయ గ, ఘాబర్లీస్ కా?" అని, భయపడ్డావా అని, మరాఠీలో జాలిగా అడిగేది.

టీవీ మా ఇంట్లో లేదు. మా క్వార్టర్ల వరస మొత్తానికి ఒక్క బెల్లంపల్లి అత్త ఇంట్లోనే ఉండేది. బెల్లంపల్లి నుంచి బొగ్గు బాయి పనికి వచ్చిన కుటుంబం కనుక ఆవిడకు ఆ పేరు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటారు. గట్టి మనిషి, గట్టి గొంతు. బతుకమ్మ తొమ్మిది రోజులూ వరసలోని తెలుగు ఆడవాళ్ళందరికీ ముందు పాట ఎత్తేది ఆవిడే. ఆవిడ చెప్పాలి, మిగతావాళ్ళు అనాలి. అందులో ఎవరికీ అనుమానం లేదు, మా నాయనమ్మకు తప్ప.

మా నాయనమ్మది వర్ధా నది అవతల రాజురా పక్కన పల్లె. మా నాన్నకు బాయిలో పని దొరికాక మాతో వచ్చింది. మా చంద్రపూర్ జిల్లాను రెండు ముక్కలు చేసి ఆఫీసులు అటూ ఇటూ సర్దుతున్న కాలమది. ఎవరిని ఎటు బదిలీ చేస్తారోనని ఉద్యోగస్తులు హడలిపోతుంటే ఆవిడ తాపీగా వక్క కొరుకుతూ, "నా లగ్గమైనప్పుడు నైజాం రాజ్యం. అటెన్క బొంబాయి అన్నరు. మల్ల మహారాష్ట్ర అన్నరు. ఇప్పుడు జిల్లా గుడ కోస్తున్నరట. నేనైతె ఆ వాకిట్లనే కూసున్న బిడ్డా, రాజ్యాలే నా ముంగటికెల్లి పోయినయ్" అనేది.

ఇన్ని రాజ్యాలు చూసిన మనిషిని బతుకమ్మ దగ్గర బెల్లంపల్లి అత్త ఒక్క మాటతో పడగొట్టింది. మేం ఘుగ్గుస్ వచ్చిన మొదటి ఏడాది నాయనమ్మ తన ఊరి పాట ఒకటి ఎత్తుకుంది. మధ్యలో ఆడవాళ్ళు నెమ్మదించారని, "లవ్‌కర్ లవ్‌కర్ తిరుగుండ్రి" అంది. త్వరగా అని. మా రాజురా వాళ్ళ తెలుగులో అలా మరాఠీ దొర్లుతూనే ఉంటుంది. బెల్లంపల్లి అత్త చప్పట్లు ఆపి, "అవ్వా, నువ్వు మరాఠోళ్ళ బతుకమ్మ పాడుతున్నవా ఏంది?" అంది. అందరూ నవ్వారు. నాయనమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం అన్నం ముందు కూర్చుని, "నేను తెలుగుదాన్ని కానా బిడ్డా?" అని నన్ను అడిగింది. నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పటి నుంచి తన చేతులతో పేర్చిన బతుకమ్మ దగ్గర ఆవిడ పరాయిదైపోయింది.

మరుసటి ఏడు బతుకమ్మకు ముందు నుంచే నేను ఆదివారం టీవీ చూసి వచ్చి తారిణి కథ నాయనమ్మకు చెప్పడం మొదలుపెట్టాను. హిందీలో విని, మరాఠీలో తలుచుకుని, తెలుగులో చెప్పేదాన్ని. ఆవిడ ఆకుకూర దంట్లు తీస్తూ, పప్పు చెరుగుతూ ఊ కొట్టేది. ఊరికే ఊ కొడుతోందనుకున్నాను. పండగ తొలిరోజు, ఎంగిలిపూల నాడు, వలయంలో నిలబడి నాయనమ్మ ఉన్నట్టుండి గొంతెత్తింది.

"చుక్కల దేశాన ఉయ్యాలో, తారిణమ్మ పుట్టె ఉయ్యాలో,
ఇనుప పడవెక్కి ఉయ్యాలో, మింటి దారి వట్టె ఉయ్యాలో."

నా గుండె జారి చెప్పుల్లో పడింది. నా కెప్టెన్! గునుగు పూల మధ్య!

ఆ పాట ఎవరికీ తెలియదు. తెలియని పాటను వెక్కిరించడం ఎవరి తరమూ కాదు. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ తిరిగారు, నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు అన్నారు. అయిపోయాక, "అవ్వా, ఆ తల్లి ఎటు పోయింది? ఎవల్ని కలిసింది?" అని చుట్టుముట్టారు. నాయనమ్మ, "రేపు" అంది, అచ్చం సీరియల్ వాడిలాగే. బెల్లంపల్లి అత్త ఊరుకుంటుందా? "గది మా టీవీల కథనే! నా టీవీ కథ నువ్వెట్ల ఎత్తుకుంటవ్?" అంది. "నీ డబ్బాల మాట్లాడుతరు, నేను పాడుతున్న. నువ్వు గుడ పాడరాదు?" అంది నాయనమ్మ. అత్త ఆదివారాలు పొయ్యి దగ్గరే ఉండేది కనుక ఆవిడకు తారిణి పేరు చెవిన పడిందే తప్ప కథ తెలియదు. మూతి ముడుచుకుంది.

అభిమానిగా నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి. నాయనమ్మ కథను ఉన్నదున్నట్టు ఉంచదు కదా! డబ్బూను తారిణికి మరిదిని చేసింది. "వాడు యంత్రం నాయనమ్మా!" అని నేను మొత్తుకున్నాను. "యంత్రమైతేంది? ఆడిమనిషి వెంట రాత్రీ పగలూ తిరుగుతుండు. వరస లేకుంటె నలుగురు ఏమంటరు?" అంది. శూన్య సామ్రాట్‌కు మీసాలు పెట్టింది. తారిణి వెండి కోటు తీసేసి పసుపు చీర కట్టించింది. కోటులో ఉక్కపోస్తుందట! నేను రోజూ వలయంలో నాయనమ్మ వెనకాలే తిరుగుతూ, "అట్ల కాదు, అట్ల లేదు" అని గొణిగేదాన్ని. నా గొణుగుడు కూడా పాటలో భాగమనుకుని ఒకావిడ రెండు రోజులు దాన్నీ అనేసింది.

ఏమైతేనేం, ముందు పాట ఎత్తే మనిషి ఇప్పుడు నాయనమ్మ అయింది. పక్క వరసల నుంచి కూడా ఆడవాళ్ళు రాసాగారు. తలకు నూనె పెట్టుకుని, కొప్పులో బంతిపువ్వు తురుముకుని, సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఆవిడ వాకిట్లో తచ్చాడేది. ఆ నడక చూసి మా అమ్మ చాటుగా కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

చిక్కంతా పండగ మధ్యలో వచ్చిన ఆదివారం తెచ్చిపెట్టింది. ఆ వారం తారిణి తన ఓడలోని వాళ్ళందరినీ చిన్న ఓడల్లో బయటికి పంపించి, తాను ఒక్కతే నల్లటి సొరంగంలోకి దూకింది. వెనకే డబ్బూ. వాడి నెత్తిమీది బల్బు రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. తెరంతా చీకటి. మిగతాది, ఆఖరిది, వచ్చే వారమట. పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ, శుక్రవారం. సీరియల్ ముగింపు ఆదివారం.

నాయనమ్మకు ఒక నియమం ఉండేది. పాటలో ఎత్తుకున్న ఆడబిడ్డను ఇల్లు చేర్చకుండా బతుకమ్మను నీళ్ళలో వదలకూడదు. కష్టంలో ఉన్నదాన్ని దారిలో విడిచిపెట్టి మనం సద్దులు తింటే అరిష్టం. గురువారం పొద్దుటి నుంచీ నా వెంట పడింది. "ఎట్ల బయటికొస్తదో చెప్పు బిడ్డా." నేను ఒప్పుకోలేదు. "నాకు తెల్వది. తెల్వనిది ఎట్ల చెప్త? సీరియల్ల లేనిది చెప్తె అబద్ధం కాదా?" అన్నాను. ఆహా, ఏం నిష్ఠ! పరీక్షల్లో పక్కదాని పేపరు చూసి రాసే పిల్లను, తారిణి విషయంలో మాత్రం హరిశ్చంద్రుడి చెల్లెల్ని.

శుక్రవారం సాయంత్రం వరస చివర మైదానంలో బతుకమ్మలన్నీ పెట్టారు. ఎన్నడూ లేనంత మంది వచ్చారు. రెండో షిఫ్టు వాళ్ళు అప్పటికే బాయిలోకి దిగిపోయారు. మా నాన్న, బెల్లంపల్లి అత్త మొగుడు, అక్కడ తిరుగుతున్న సగం మంది ఆడవాళ్ళ మొగుళ్ళు, కొడుకులు భూమి కింద ఉన్నారు. నాయనమ్మ పాట ఎత్తుకుంది. తారిణమ్మ అందరినీ ఒడ్డుకు చేర్చింది. తాను చీకట్లోకి దూకింది. మరిది దీపం ఆరిపోయింది. అక్కడ నాయనమ్మ గొంతు ఆగింది.

వలయం ఆగింది. చప్పట్లు ఆగాయి. నాయనమ్మ నా వైపు చూసింది. "అటెన్క?"

"అంతే. ఐతారం తెలుస్తది" అన్నాను.

"ఏందే పోరీ, అంతే అంటవ్?" బెల్లంపల్లి అత్త గొంతు మైదానమంతా వినిపించింది. ఇంకేముంది, మళ్ళీ అందరి ముందూ నాయనమ్మను నవ్వులపాలు చేస్తుందనుకున్నాను. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయిందే నీది అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ అత్త నవ్వలేదు. "మా మొగోళ్ళందరు బాయిల ఉన్నరు. ఒకదాన్ని చీకట్ల ఇడిసిపెట్టి మనం బతుకమ్మను నీళ్ళల్ల ఏస్తమా? అవ్వా, నువ్వు ఎత్తు. నీతోటి నేనంట. తీస్కొద్దాం ఆ తల్లిని" అంది.

నాయనమ్మకు నది తెలుసు, పొలం తెలుసు, బాయి తెలియదు. అప్పుడు బెల్లంపల్లి అత్తే అందుకుంది. అంతకు ముందెప్పుడో బాయిలో కప్పు కూలి ఆవిడ మొగుడు లోపల చిక్కుకుపోతే, రాత్రంతా బాయి మీద కూర్చున్న మనిషి ఆవిడ. దిగేవాళ్ళు పైన ఇత్తడి బిళ్ళ ఒకటి వదిలి దిగుతారు, పైకొచ్చాక తీసుకుంటారు. బిళ్ళ బోర్డుకు వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. ఆ రాత్రి ఆవిడ చూస్తూ కూర్చున్నది ఆ బిళ్ళనే, మనుషుల్ని పైకి లాగే చక్రాన్నే.

"బాయి మీద చక్రం ఉయ్యాలో, గిర్రున తిరిగె ఉయ్యాలో,
టోపి మీది దీపం ఉయ్యాలో, దగ్గరికొచ్చె ఉయ్యాలో."

నాయనమ్మ అందుకుని అంది. తర్వాతి చరణం తానే కట్టింది.

"నల్లని మొఖము ఉయ్యాలో, తెల్లగ నవ్వె ఉయ్యాలో,
బిళ్ళ చేతవట్టి ఉయ్యాలో, ఇల్లు చేరె తల్లి ఉయ్యాలో."

ఎప్పుడూ నవ్వని తారిణి నవ్విందట! ఆ క్షణంలో కూడా, ఒట్టు, నా నోట్లోంచి "అట్ల లేదు" అనే మాట వచ్చింది. ఎవరూ వినలేదు. కొంతమంది కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు, చప్పట్లు మాత్రం ఆపలేదు. డబ్బూను కూడా పైకి తీశారు, వాడి బల్బు వెలిగించారు, వాడికి పెళ్ళి సంబంధం కూడా చూశారు. తర్వాత బతుకమ్మలను వర్ధాకు తీసుకుపోయి సాగనంపాం. ఒడ్డున బెల్లంపల్లి అత్త తన గిన్నెలోని రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద మొదట నాయనమ్మ చేతిలో పెట్టి, "వచ్చే ఏడు ఏ కథ ఎత్తుతవ్ అవ్వా? జర ముందుగాల చెప్పు, నేను గుడ చూస్త" అంది. నాయనమ్మ, "లవ్‌కర్ చెప్త తియ్యి" అంది. ఈసారి ఇద్దరూ నవ్వారు.

ఆదివారం పొద్దున అత్త ఇంట్లో జనం పట్టలేదు. వరసలోని ఆడవాళ్ళంతా పొయ్యిల మీది కుండలు దించి వచ్చి కూర్చున్నారు. కిటికీల్లో కూడా తలకాయలే. సీరియల్‌లో తారిణి బయటికి రాలేదు. సొరంగం మూసుకుపోయింది, ఆవిడ చిన్న వెలుగై ఒక చుక్కగా మారిపోయింది, సంగీతం, పేర్లు, అయిపోయింది. "చెప్పిన గద! నేను చెప్పిన గద!" అని లేచి నిలబడ్డాను. నా మాటే నెగ్గింది. నెగ్గి, అక్కడే నిలబడి భోరున ఏడ్చాను.

బెల్లంపల్లి అత్త టీవీ కట్టేసింది. తర్వాత ఆవిడే తీర్పు చెప్పింది. "వీళ్ళు ఎప్పుడో ముందుగాల తీసి పెట్టుకున్నరు. మనం ఆ పిల్లను పైకి తీసింది మొన్న శుక్రారం. వాళ్ళకింక కబురు అందలే."

"అవ్ మల్ల, బొంబాయి దూరం కదా" అంది నాయనమ్మ. అందరికీ సబబుగానే తోచింది. లేచి వంటలకు వెళ్ళిపోయారు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ మధ్య నా ఫోన్లో ఆ పాత సీరియల్ అభిమానుల గుంపు ఒకటి కనిపించింది. అందరూ నాలాగే తల నెరిసినవాళ్ళు. మీకు బాగా నచ్చిన ఘట్టం ఏదని ఎవరో అడిగారు. నేను ఆవేశంగా రాసుకుపోయాను. ఆఖర్లో తారిణి చీకట్లోంచి పైకి రావడం, మొహమంతా మసి, నుదుటి మీద దీపం, చేతిలో బిళ్ళ, మొదటిసారి నవ్వడం. రాస్తుంటే కళ్ళు చెమర్చాయి కూడా. పంపిన కాసేపటికి జవాబులు వచ్చాయి. అలాంటి ఘట్టమే లేదన్నారు. ఒకాయన పాపం శ్రమపడి ఆఖరి భాగం వెతికి పంపాడు. చూశాను. అట్టముక్కల సొరంగం, దారానికి కట్టిన బల్బు, ముగింపు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఒకప్పుడు ఈ నిజం కోసమే నేను నిండు బతుకమ్మలో పోట్లాడాను. కళ్ళజోడు తుడుచుకుని, ఆయనకు మర్యాదగా జవాబు రాశాను: "మీ వైపు చూపించి ఉండరండి. మా ఘుగ్గుస్‌లో చూపించారు."