రెక్కల్లేని ఈగలూ మా పెద్దత్తా

మా మరదలు నన్ను పెళ్ళి చేసుకోనన్నది ఈగల వల్ల. ఒట్టు. మాగిన అరటిపండు మీద ముసురుతాయే, ఆవగింజంత ఈగలు, వాటివల్లే. ఇప్పటికీ వాటిని చూస్తే ఒక పక్క ఒళ్ళు మండుతుంది, ఇంకో పక్క ముద్దొస్తాయి.

తను మా చిన్న మేనత్త కూతురు. విజయనగరంలో ఒక కాలేజీలో జువాలజీ చెబుతుంది. నేను పాతపట్నం దగ్గర బడిలో తెలుగు పంతుల్ని. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరికీ ఇష్టం, ఇంట్లోవాళ్ళకి అంతకన్నా ఇష్టం. ముహూర్తం పెట్టడమే తరువాయి అనుకుంటూండగా, వేసవి సెలవులకి రెండు సంచుల నిండా గాజుసీసాలతో బస్సు దిగింది. తన అద్దెగదిలో స్లాబు వేడికి ఈగలు చచ్చిపోతున్నాయట. మా పెంకుటింట్లో మట్టిగోడల గది చల్లగా ఉంటుందని గుర్తొచ్చిందట. నేను గుర్తొచ్చి వచ్చిందనుకున్నాను, నా మొహం!

"ఈగల్ని తోలుతారు గానీ పెంచుతారేటే?" అని మా అమ్మ ముక్కున వేలేసుకుంది. మరదలు వినిపించుకుంటేగా. రవ్వ, బెల్లం, ఈస్టు కలిపి ఉడికించి సీసాల అడుగున పోసింది. మూతులకి దూది బిగించి, సీసాలన్నీ తడి ఇసుక పోసిన పళ్ళాల్లో పెట్టింది. అరటిపళ్ళు తెచ్చే పని నాది. ఇసుక ఆరిపోకుండా తడిపే పని పెద్దత్త తీసుకుంది.

పెద్దత్త అంటే మా నాన్న అక్క, మరదలికి పెద్దమ్మ. ఆవిడకి పుట్టుకతోనే వినపడదు, మాటలు రావు. పెళ్ళి కాలేదు. నన్నూ మరదల్నీ పెంచింది ఆవిడే. ఇంట్లో అందరికీ ఆవిడ పెట్టిన సైగ పేర్లున్నాయి. చెవి మెలిపెడితే అది నేను, మూతి ముడిస్తే మరదలు. ఇద్దరికీ సరిగ్గా సరిపోయాయి. ఆవిడ తల్లిదండ్రులు, అంటే మా తాతా నాయనమ్మా, మేనమామా మేనకోడలూను. మా ఇంట్లో అది వింతేమీ కాదు.

ఒక మధ్యాహ్నం మరదలు నా చేతికి భూతద్దం ఇచ్చింది. ఒక సీసాలో మామూలు ఈగలు. ఇంకోదాంట్లో ఈగలకి రెక్కలున్న చోట చిన్న మొండి ముక్కలే ఉన్నాయి.

"జీన్ అంటే ఏటనుకుంటన్నావు బావా? రాత. తరతరానికీ తిరగరాస్తంటే ఎక్కడో అక్కడ తప్పు పడతాది. అదే మ్యుటేషన్. ప్రతి రాతకీ రెండు ప్రతులుంటాయి. అమ్మ దగ్గర్నుంచొకటి, నాన్న దగ్గర్నుంచొకటి. రెక్కల రాత ఒక ప్రతిలో బాగుంటే సాలు, రెక్కలొచ్చేస్తాయి."

ఆ రెండు రకాల్నీ కలిపితే పుట్టిన పిల్లల సీసా చూపించింది. అన్నిటికీ రెక్కలున్నాయి.

"తప్పు పోయిందన్నమాట," అన్నాను.

"పోలేదు. దాక్కున్నాది."

ఆ పిల్లల్ని వాటిలో వాటికే జత కట్టించింది. కొన్నాళ్ళకి వాటి పిల్లలు సీసాలో తిరిగాయి. నాలుగింట ఇంచుమించు ఒకదానికి రెక్కల్లేవు.

"తప్పు పడ్డ ప్రతులు రెండూ ఒకదానికే సేరితే ఇలాగొస్తాది. పెద్దమ్మకి అలాగే వచ్చుంటాది. మీ నాన్నలోనూ మా అమ్మలోనూ ఆ తప్పే దాక్కునుంటే, మన దాకా వచ్చుంటే..." సీసా వైపే చూస్తూ అంది, నా వైపు చూడలేదు. "మనకి పెళ్ళొద్దు బావా."

"ఈగలకీ మనకీ పోలికేటే!" అని అరిచాను. ఇద్దరం విశాఖలో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. ఆయన కూడా ఇంచుమించు అదే చెప్పాడు, కాస్త మర్యాదగా. అలా జరుగుతుందని కాదు, బయటి సంబంధం కన్నా భయం కొంచెం ఎక్కువ అని. మరదలికి ఆ కొంచెమే కొండంత అయింది.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. అరుగు మీద అందరం కూర్చున్నాం. పెద్దత్త ఓ పక్కన చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తోంది.

"తరతరాలుగా మేనరికాలే సేసుకున్నాం. ఎవరికేటయ్యింది?" అంది అమ్మ, పెద్దత్త పక్కనే కూర్చుని.

మరదలికి చిర్రెత్తుకొచ్చింది. మాట్లాడకుండా చెయ్యి చాచి, వేలుతో పెద్దత్తని చూపించింది.

చెవులు వినని మనిషికి వేలు కన్నా పెద్ద కేక ఉంటుందా! పెద్దత్త తలెత్తింది. ఆ వేలినీ, మా మొహాల్నీ చూసింది. ఏటి, అన్నట్టు చెయ్యి తిప్పింది. అందరం తల దించుకున్నాం. మరదలు మాత్రం దించుకోలేదు. ఆవిడ ఎదురుగా వెళ్ళి కూర్చుని, సైగలతో మొత్తం చెప్పింది. చెవి మెలిపెట్టింది, మూతి ముడిచింది, మెడలో తాళి కట్టినట్టు చూపించింది. ఆ తర్వాత ఉయ్యాల. ఉయ్యాల తర్వాత రెండు చేతులతో చెవులు మూసుకుంది. అందుకని వద్దు, అని తల అడ్డంగా ఊపింది.

పెద్దత్త మొహం చూడలేక నాకు ఏడుపొచ్చింది. ఆవిడ లేచి లోపలికెళ్ళి, రెక్కల్లేని ఈగల సీసా పట్టుకొచ్చింది. అరుగు మీద టక్కున కొట్టింది. ఈగలన్నీ అడుగున పడ్డాయి. పడ్డవి పడ్డట్టే లేచి, కాళ్ళతో గాజు గోడ ఎక్కుతూ పైన దూది దాకా వెళ్ళిపోయాయి. మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఎక్కాయి. అప్పుడు తన గుండె మీద చెయ్యేసుకుంది. సీసాని మరదలి ఒళ్ళో పెట్టి, అరచెయ్యి తిప్పింది. వీటికేటి తక్కువ? అంతే, వెళ్ళి మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది.

మరదలు వెక్కి వెక్కి ఏడ్చింది. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "బావా, లెక్క మారలేదు. భయమూ పోలేదు. కానీ పెద్దమ్మలాటి పిల్ల వద్దని పెద్దమ్మ ఎదురుగా ఇంక అనలేను. నీకు సమ్మతమేనా?" అంది. ఆవిడలాటి పిల్ల పుడితే నాకు చెవి మెలిపెట్టేవాళ్ళు ఇద్దరవుతారు, అంతేగా, అన్నాను.

మా పాప బారసాల నాటికి చెవుల పరీక్ష ఇంకా చేయించలేదు. చుట్టాలంతా ఉయ్యాల చుట్టూ చేరారు గానీ ఆ ఊసు ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. పెద్దత్తే వంటింట్లోంచి స్టీలు పళ్ళెం తెచ్చి, ఉయ్యాల పక్కన నిలబడి పైకెత్తింది. అందరూ పాపనే చూస్తున్నారు. నేను పెద్దత్తని చూశాను. ఆవిడ పాపని చూడటం లేదు. మా ఆవిడ మొహం చూస్తోంది. మా ఆవిడ కూడా ఉయ్యాల వైపు తిరగలేదు. పెద్దమ్మ కళ్ళలోకే చూస్తూ నవ్వింది. పెద్దత్త పళ్ళెం వదిలేసింది.

ఖంగుమంది. పాప ఉలిక్కిపడి గుక్కపెట్టి ఏడ్చింది. "విన్నాది, విన్నాది!" అని అమ్మ కేకలు పెట్టింది. ఆ సంగతి అందరి కన్నా ఆఖరున తెలిసింది పెద్దత్తకే. అప్పటికే ఆవిడ నవ్వుతోంది.