తాతగారి ఓడ, నా ‘కెన్ కెన్’

మంచుకొండ తగిలి మునిగిన ఓడ గురించి మీరు వినే ఉంటారు. ‘కెన్’ అనే ఒక్క మాట తగిలి మునిగిన ఓడ గురించి చెబుతాను. అందులో నా పెళ్లి కూడా ప్రయాణిస్తోంది.

సుజాత వాళ్ల తాతగారు విశాఖపట్నంలో ఓడెక్కి సింగపూర్‌లో దిగిన మనిషి. ఆయన సంవత్సరీకానికి టాంపినీస్‌లోని వాళ్ల ఫ్లాట్‌కి నన్ను రమ్మన్నారు.

“నాన్న అవునో కాదో ఆ రోజే తేలుస్తారు. నువ్వు నోరు కాస్త తక్కువగా వాడు,” అంది సుజాత.

నోరు తగ్గాలంటే చేతిలో ఏదో ఉండాలి కదా! పాత పుస్తకాల కొట్లో ఓ ముసలి ఇంగ్లిషు పత్రిక దొరికింది. అందులో ఓడ ప్రయాణపు ప్రకటన: ఆకాశానికి గాటు పెట్టే పొగగొట్టాలు, గొడుగులు పట్టిన దొరసానులు, ‘సింగపూర్‌కు హాయిగా రండి’ అని బంగారు అక్షరాలు. ఆ పేజీ ఆంగ్ మో కియోలో ఫ్రేములు కట్టే చైనా అంకుల్ ముందు పెట్టాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, “దిస్ సైడ్, కెన్?” అన్నాడు.

నేను ఫోన్లో సుజాతకు నా తెలివి వర్ణిస్తున్నాను. “కెన్, కెన్!” అన్నాను, తలెత్తకుండానే. ఈ దేశంలో ‘సరే’ అనడానికి వాడే ఆ మాట ఊపిరిలాంటిది. వదిలినట్టు మనకే తెలియదు.

సంవత్సరీకం రోజు కాబోయే మామగారు, అంకుల్ కాగితం చుట్టిచ్చిన ఫ్రేము పొట్లాన్ని తండ్రి ఫొటో పక్కన నిలబెట్టి, దీపం వెలిగించారు. “నాన్న ఎక్కొచ్చిన ఓడలాంటిదట. బాబు వెతికి తెచ్చాడు,” అని అందరికీ చూపించారు. చుట్టాలందరూ చేతులు జోడించారు. కాగితం విప్పారు.

ఓడ లేదు. సూటేసుకున్న దొర ఒకడు పొట్టమీద చెయ్యేసుకుని, రాజ్యం గెలిచినవాడిలా నవ్వుతున్నాడు. కింద: ‘మలబద్ధకమా? రాత్రి ఒక మాత్ర, ఉదయం సుఖ విరేచనం!’

ఓడలు బళ్లవుతాయన్నారు పెద్దలు. విరేచనాల మాత్రలవుతాయని ఒక్కరూ హెచ్చరించలేదు.

“ఏంటి బాబూ ఇది?”

“ఓడ... దొరసానులు, గొడుగులతో సహా వెనకవైపుందండీ.”

“ఈ మందు పనిచేసేదీ అక్కడే కదా లా!” అన్నాడు సుజాత బాబాయి, సింగపూర్ యాసలో. ఎవరూ నవ్వలేదు. మామగారి మొహంలో నా పెళ్లి ముక్కు ముందుగా మునుగుతోంది.

“ఏం రాసుందిరా?” అంది సుజాత నాయనమ్మ. మామగారు నేల చూపులు చూస్తూ, తెలుగులో చెప్పారు.

ఆవిడ దొర బొమ్మకేసి ఓసారి చూసింది. తరవాత కొంగుతో కళ్లొత్తుకుంది. “దొరసానులెక్కడ? గొడుగులెక్కడ? ఓడెక్కింది మొదలు దిగేదాకా మీ నాన్న పడ్డ బాధ ఇదేరా. డెక్కు మీద అంతమంది మధ్య పడుకుని, పాపం మొహమాటపడి చచ్చాడు. నాకొక్కదానికే చెప్పుకున్నాడు.” ఉన్నట్టుండి ఆవిడ పగలబడి నవ్వింది. “మన అల్లుడికెవరు చెప్పారీ సంగతి?”

అల్లుడు! ఆ మాట తల్లి నోట పడ్డాక మామగారు మాత్రం ఏమనగలరు? గుడ్ల నీళ్లు తుడుచుకుని, దొరకి కూడా ఓ దండ వేశారు.

ఇందుమూలంగా దీపం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: రెండోవైపు చూడనిదే జన్మలో దేనికీ ‘కెన్’ అనను. మా పెళ్లిలో పురోహితుడు “తెర దించమంటారా?” అన్నప్పుడు కూడా, ముందు పక్కకి వంగి, అవతల కూర్చున్నది సుజాతేనని చూసుకున్నాకే తలూపాను.