హీటర్ ప్లగ్గులు

పుప్పాలగూడలో మా నర్సరీకి ఒక చిన్న ట్రాక్టర్ ఉంది. మా మామగారు ద్రాక్షతోట సాగుచేసే రోజుల్లో, పందిళ్ల కింద సాళ్ల మధ్య దూరేలా ఉండాలని పొట్టి బండిని చూసి కొన్నారట. తోట పోయింది, దాని మీద అపార్టుమెంట్లు లేచాయి. రోడ్డు పక్కన మిగిలిన ముక్కలో మేం మొక్కలు పెంచుతున్నాం. వాటిలో ఎక్కువ భాగం ఐటీ ఆఫీసులకు కిరాయికి వెళ్తాయి. ఏసీలో వాడిపోయిన మొక్కల కుండీలను ఆ ట్రాక్టర్ ట్రాలీలో వెనక్కి తెచ్చుకుని, వాటి చోట నిగనిగలాడేవి పెట్టి రావాలి. అదంతా ఉద్యోగులు రాకముందే జరిగిపోవాలి. తమ సీటు పక్కన మొక్క ఎప్పటికీ వాడదని వాళ్లలో చాలామంది నమ్ముతారు. నేనెవరి నమ్మకాన్నీ చెడగొట్టను.

చలికాలంలో ఆ ట్రాక్టర్ స్టార్ట్ అయ్యేది కాదు. హైదరాబాద్ చలి కూడా ఒక చలేనా అనేవాళ్లను డిసెంబరులో తెల్లవారుతుండగా మా నర్సరీకి రమ్మనాలి. డీజిల్ ఇంజన్ లోపల తగినంత వేడి ఉంటేనే డీజిల్ అంటుకుంటుంది. చలిలో ఆ వేడి ఇవ్వడానికి మా బండిలో సిలిండర్‌కొకటి చొప్పున హీటర్ ప్లగ్గులు ఉంటాయి. తాళం ఎడమకు తిప్పి కాసేపు పట్టుకుంటే అవి కాలి ఎర్రబడతాయి. ఎదురుగా మీటరు పక్కన చిన్న తీగచుట్ట కూడా ఎర్రగా వెలుగుతుంది. అప్పుడు కుడికి తిప్పితే బండి లేస్తుంది. మా బండి ప్లగ్గులు నేను కాపురానికి రాకముందే కాలిపోయాయి.

వాటి పని మామగారు చేసేవారు. నేను వెళ్లి తలుపు తట్టగానే మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని వచ్చేవారు. ఇంజన్ మీద గోనెపట్టా పరిచి, మరిగిన నీళ్లు నెమ్మదిగా పోసేవారు. తర్వాత కర్రకు చుట్టిన గుడ్డను డీజిల్‌లో ముంచి వెలిగించి, ఇంజన్ గాలి పీల్చే గొట్టం దగ్గర పట్టుకునేవారు. "ఇగ తిప్పు" అనగానే నేను తాళం తిప్పాలి. బండి దగ్గి, ఉమ్మి, వీధంతా తెల్లపొగ కమ్మి, చివరికి దారికొచ్చేది. ఎదురు అపార్టుమెంటు కిటికీలు టపటపా మూసుకునేవి.

"నేను లేకుంటే గీ బండి లేస్తదా?" అనేవారు మామగారు, రోజూ అదే మాట.

"లేవదండి, మామయ్యగారూ," అనేదాన్ని నేనూ రోజూ.

నాది కోస్తా. ప్రతి మాటకీ 'అండి' తగిలించడం ఆయనకు వేళాకోళం. "ట్రాక్టరుకు గూడ అండి పెట్టు, జల్ది లేస్తదేమో," అనేవారు.

మొదట్లో ఈ తతంగం చూస్తే నాకు ఒళ్లు మండేది. ప్లగ్గులు మారిస్తే పోయేదానికి ఇంత యజ్ఞం ఎందుకని అడిగితే, "నేనుండంగ ప్లగ్గులెందుకు?" అని ఆ మాట అక్కడే తుంచేసేవారు. రెండు మూడు చలికాలాలు గడిచాక అడగడం మానేశాను. మొక్కల సంగతి నాది, ఆఫీసుల ఫోన్లు నావి. మా ఆయనకు ఉద్యోగం ఉంది, కారు బానెట్ ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియని మనిషి ఆయన. తోట పోయాక మామగారికంటూ మిగిలిన పని ఆ బండిని లేపడమే. ఆ కాసేపు మాత్రం ఇంటిల్లిపాదీ ఆయన కోసం కాచుకుని ఉండేవాళ్లం.

నిరుడు ఆయన కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. పొగ దగ్గరికి వెళ్లకూడదు, వంగకూడదు, బరువులు ఎత్తకూడదు అన్నాడు డాక్టరు. అప్పుడే చలి మొదలైంది. ఇంటికొచ్చిన సాయంత్రం ఆయనే గోడ వైపు చూస్తూ, "మెకానిక్‌ను పిలిపించు బిడ్డా. ప్లగ్గులేయించు," అన్నారు.

మెకానిక్ ముందు ఇంజన్‌ను కాసేపు నడిపించి వేడెక్కించాడు. చల్లగా ఉన్నప్పుడు బలవంతంగా తిప్పితే ప్లగ్గు కొన విరిగి లోపలే ఉండిపోతుందట. పానాతో ఒక్కొక్కటే మెల్లగా విప్పి, మసిపట్టిన పాత ప్లగ్గును బ్యాటరీకి కలిపి చూపించాడు. నల్లగానే ఉండిపోయింది. కొత్తదాన్ని కలిపితే కొన ఎర్రగా కాలింది.

"ఇవి ఎప్పుడో సచ్చినయ్ పెద్దాయనా," అన్నాడు.

"ఎరుకే," అన్నారు మామగారు. నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారేమో, ఆయన ఎటు చూస్తున్నారో తెలియలేదు.

మర్నాడు తాళం ఎడమకు తిప్పి పట్టుకున్నాను. తీగచుట్ట ఎర్రబడింది. కుడికి తిప్పగానే బండి లేచింది. పొగ లేదు, దగ్గు లేదు, ఒక్క కిటికీ కూడా మూసుకోలేదు. నాకు హాయిగా అనిపించిందని ఒప్పుకోవాలి. మామగారు గడప దగ్గర నిలబడి, "మంచిగ లేసింది," అని లోపలికి వెళ్లిపోయారు.

తర్వాత కన్ను నయమైంది, మనిషి మాత్రం డీలా పడిపోయారు. పొద్దెక్కేదాకా మంచం దిగేవారు కాదు. టీ తాగుతూ, "ఇయ్యాల చలెట్లుంది?" అని అడిగేవారు. చలి ఎట్లా ఉన్నా బండికి ఇప్పుడు ఆయన అక్కర్లేదు.

అందుకని ఒకరోజు, ప్లగ్గులు వేడెక్కనివ్వకుండానే తాళం నేరుగా కుడికి తిప్పాను. ఇంజన్ మూలిగింది కానీ అందుకోలేదు. ఇంకోసారి తిప్పి, వెళ్లి ఆయన తలుపు తట్టాను.

"మామయ్యగారూ, బండి లేవట్లేదండి."

నేననుకున్నదానికంటే తొందరగా వచ్చారు. క్యాప్ సరిగ్గా పెట్టుకోలేదు కూడా. ఇంజన్ మీద చెయ్యి వేసి చూశారు. నీళ్లు అడుగుతారనుకున్నాను, అడగలేదు. సీటు ఎక్కి తాళం ఎడమకు తిప్పి పట్టుకున్నారు. తీగచుట్ట వైపు చూశారు. అది ఎర్రబడింది. కుడికి తిప్పగానే బండి లేచింది.

దాన్ని అలాగే నడవనిచ్చి కిందికి దిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ప్లగ్గులు మంచిగనే ఉన్నయ్ బిడ్డా," అన్నారు, నా మొహం వైపు చూడకుండా. "నన్ను ఉత్తగ లేపకు. పనుంటే లేపు."

"సరేనండి," అన్నాను.

ఆ చలికాలమంతా ఆయన్ని లేపాల్సినంత పని ఒక్కటీ రాలేదు.